టీవీ నాటకం మీద పుస్తకం రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన విషయసూచిక, మొదటి అధ్యాయం చిత్తుప్రతి చదివాను. అమెరికన్ టీవీ నాటకం స్వర్ణయుగం మీద తెలుగులో ఒక పుస్తకం, పది అధ్యాయాలు, అధ్యాయానికో సీరియల్. 'ది సోప్రానోస్'తో మొదలు, 'బ్రేకింగ్ బ్యాడ్'తో ముగింపు. వాక్యం నీ చేతిలో బాగానే నడుస్తోంది, దాని జోలికి పోను. పేచీ అంతా విషయసూచికతోనే.

ఆ చట్రం అలన్ సెపిన్‌వాల్‌ది. 2012లో ఆయన 'ది రెవల్యూషన్ వాజ్ టెలివైజ్డ్' పుస్తకాన్ని సొంతంగా వేసుకున్నాడు. 'ఓజ్', 'ది సోప్రానోస్', 'ది వైర్', 'డెడ్‌వుడ్', 'ది షీల్డ్', 'లాస్ట్', 'బఫీ', '24', 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా', 'ఫ్రైడే నైట్ లైట్స్', 'మ్యాడ్ మెన్', 'బ్రేకింగ్ బ్యాడ్'. మొత్తం పన్నెండు సీరియళ్లు, పన్నెండు అధ్యాయాలు. న్యూయార్క్ టైమ్స్‌లో మిచికో కకుతాని ఆ ఏడాది తనకు నచ్చిన పుస్తకాల్లో దాన్ని చేర్చింది. ఆ తర్వాత పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని తీసుకుంది. మరుసటేడు బ్రెట్ మార్టిన్ 'డిఫికల్ట్ మెన్' వచ్చింది. నీ పదింటిలో తొమ్మిదింటి గురించి వీళ్లిద్దరిలో ఎవరో ఒకరు ఇప్పటికే విస్తారంగా రాసేశారు.

సెపిన్‌వాల్‌కి ఆ చట్రం ఎందుకు నప్పిందో చూడు. న్యూజెర్సీలోని నెవార్క్ నుంచి వెలువడిన 'స్టార్ లెడ్జర్' పత్రికలో ఆయన అప్పట్లో టీవీ విమర్శకుడు. 'ది సోప్రానోస్' కథానాయకుడు, మాఫియా ముఠా నాయకుడు టోనీ సోప్రానో పొద్దున్నే గౌను వేసుకుని వాకిట్లోకి వచ్చి తీసుకునే పేపరు అదే. ఆ సీరియళ్లు వస్తున్న రోజుల్లోనే వాటి గురించి రాశాడు, వాటిని నడిపిన షోరన్నర్లతో మాట్లాడాడు. నీకు ఆ రోజులూ లేవు, ఆ ఫోన్ నంబర్లూ లేవు. వాళ్లు సంపాదించిన కబుర్లను తెలుగులో తిరగరాస్తే అది సంకలనం అవుతుంది కానీ విమర్శ కాదు. అలాగని నీ చెయ్యి ఖాళీ అని కాదు. సీరియల్ మొదటినుంచి చివరిదాకా నీ ముందుంది. ఆపి, వెనక్కి తిప్పి, గడియారం పెట్టుకుని చూడొచ్చు. పైగా ఈ పదిహేనేళ్లలో ఆ రెండు పుస్తకాలతో తగువు పెట్టుకున్న పుస్తకాలు కూడా వచ్చాయి. నీ బలం ఆ రెండింట్లోనే ఉంది.

ముందు ఒక పని చెయ్యి. మూడు రంగుల పెన్సిళ్లు తీసుకో. ఇలాంటి పుస్తకాల్లో ప్రతి వాక్యమూ మూడు చోట్లలో ఏదో ఒకదాన్నుంచి వస్తుంది. తెర మీద కనిపించింది, వినిపించింది ఒకటి. ఎవరో ఇంటర్వ్యూలో చెప్పింది రెండోది. రచయిత సొంత వాదం మూడోది. తెరకు నీలం, మాటకు ఎరుపు, వాదానికి ఆకుపచ్చ. మార్టిన్ పుస్తకంలో ఒక అధ్యాయం, మాట్ జోలర్ సైట్జ్ 'మ్యాడ్ మెన్ కారసెల్'లో ఒక ఇరవై పేజీలు, మైకేల్ న్యూమన్, ఎలానా లెవీన్ కలిసి రాసిన 'లెజిటిమేటింగ్ టెలివిజన్'లో ఒక అధ్యాయం తీసుకుని గీతలు గియ్యి. మొదటిది ఎర్రగా తేలుతుంది, రెండోది నీలంగా, మూడోది పచ్చగా. మూడూ మంచి పుస్తకాలే. మార్టిన్ చేసింది విలేకరి పని, సైట్జ్ చేసింది ఎపిసోడ్ వెంట ఎపిసోడ్ చదివే పని, న్యూమన్, లెవీన్ చేసింది వాదించే పని. ఎవరి పని ఏమిటో వాళ్లకు తెలుసు. నీ చిత్తుప్రతికీ ఇలాగే గీశాను. మొదటి ఆరు పేజీల్లో నీలం గీత పడ్డ వాక్యాలు నాలుగు. తక్కినవన్నీ ఎరుపు, అది కూడా ఇంకొకరి ఎరుపు.

ఎరుపుతో వచ్చే చిక్కు ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. 'బ్రేకింగ్ బ్యాడ్'లో జెస్సీ పింక్‌మన్ పాత్రను మొదటి సీజన్‌లోనే చంపెయ్యాలనుకున్నారనీ, రచయితల సమ్మె రావడంతో బతికిపోయాడనీ నువ్వు రాశావు. చాలాచోట్ల అచ్చయిన కథే. సమ్మె జరిగింది నిజం. 2007 నవంబర్ 5 నుంచి 2008 ఫిబ్రవరి 12 దాకా సాగింది. మొదటి సీజన్ తొమ్మిది ఎపిసోడ్ల నుంచి ఏడుకు తగ్గిందీ నిజమే. కానీ సమ్మె వల్ల బతికాడన్నది నిజం కాదని షోరన్నర్ విన్స్ గిలిగన్ తర్వాత తనే చెప్పాడు. జెస్సీగా వేసిన ఏరన్ పాల్ నటన చూశాక రెండో ఎపిసోడ్ నాటికే ఆ ఆలోచన మానుకున్నాడట. ఒకే మనిషి నోటినుంచి రెండు మాటలు వచ్చాయి కాబట్టి ఏ మాట ఏ ఏడాదిలో అన్నాడో రాసుకోకుండా ఒక్క ఇంటర్వ్యూ కూడా వాడకు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, సీరియల్ నడుస్తుండగానా, ముగిశాకా, చెప్పినందువల్ల వాళ్లకు ఒరిగేదేమిటి? ఈ నాలుగూ కార్డు మీద ఉంటేనే ఆ మాట అధ్యాయంలోకి రావాలి.

షోరన్నర్‌ను దేవుణ్ని చేసే జబ్బు కూడా ఎరుపు ఎక్కువైనప్పుడే వస్తుంది. ఇంటర్వ్యూ ఇచ్చేది ఆయనే కాబట్టి కథంతా ఆయన బుర్రలోంచే పుట్టినట్టు కనబడుతుంది. 'లాస్ట్' మీద సెపిన్‌వాల్ రాసిన అధ్యాయం చదివి, వెంటనే మోరీన్ రయాన్ 2023లో రాసిన 'బర్న్ ఇట్ డౌన్' చదువు. అదే సీరియల్ రచయితల గదిలో పనిచేసినవాళ్లు అక్కడి వివక్ష గురించీ వేధింపుల గురించీ ఈ రెండో పుస్తకంలో మాట్లాడతారు. మొదటి పుస్తకం అబద్ధం చెప్పలేదు. ఆ గదిలో ఎవరిని అడగాలో వాళ్లను అడగలేదు, అంతే.

టైటిల్స్ జాగ్రత్తగా చదివితే ఈ జబ్బు కొంత తగ్గుతుంది. అమెరికన్ స్క్రిప్ట్ క్రెడిట్లలో ఇద్దరి పేర్ల మధ్య '&' గుర్తు ఉంటే వాళ్లిద్దరూ జట్టుగా రాశారని అర్థం. అదే 'అండ్' అని అక్షరాల్లో ఉంటే విడివిడిగా పనిచేశారని, ఒకరు రాసినదాన్ని మరొకరు తిరగరాసి ఉండవచ్చని అర్థం. 'స్టోరీ బై', 'టెలీప్లే బై' అని విడగొట్టి వేస్తే కథ ఒకరిది, దృశ్యాలు, సంభాషణలు మరొకరివి. ఇది అక్కడి రచయితల సంఘం (గిల్డ్) నిబంధన, అలంకారం కాదు. ప్రతి ఎపిసోడ్‌కీ రచయిత, దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, ఎడిటర్ పేర్లు రాసుకో. నీ చిత్తుప్రతిలో 'ది సోప్రానోస్' షోరన్నర్ డేవిడ్ చేజ్ పేరు ముప్పైసార్లు వచ్చింది. ఎడిటర్ పేరు ఒక్కసారీ రాలేదు.

ఇప్పుడు 'కాలేజ్' ఎపిసోడ్ సంగతి. 'ది సోప్రానోస్' మొదటి సీజన్‌లో ఐదోది, 1999 ఫిబ్రవరి 7న ప్రసారమైంది. రచన జేమ్స్ మానోస్ జూనియర్, డేవిడ్ చేజ్. దర్శకుడు అలెన్ కూల్టర్. ఈ స్వర్ణయుగం గురించి రాసిన ప్రతివాడూ ఇక్కడ ఆగుతాడు, నువ్వూ ఆగావు. నువ్వు రాసిందేమిటంటే: కూతురికి కాలేజీలు చూపించడానికి మెయిన్ రాష్ట్రానికి తీసుకెళ్లిన టోనీ, అక్కడ పోలీసులకు ఉప్పందించి పారిపోయిన పాత ముఠావాడిని చూసి, వెంటాడి, వైరుతో గొంతు బిగించి చంపుతాడు. హీరో తన చేతుల్తో ఇలా చంపితే ప్రేక్షకులు పారిపోతారని హెచ్‌బీవో ఛానల్ అధికారి క్రిస్ ఆల్‌బ్రెక్ట్ అడ్డుచెప్పాడు. చంపకపోతేనే పారిపోతారని చేజ్ అన్నాడు, చేజ్ గెలిచాడు, టీవీ మారిపోయింది. ఇది మార్టిన్ దగ్గరా ఉంది, సెపిన్‌వాల్ దగ్గరా ఉంది. నీ దగ్గర మూడోసారి అక్కర్లేదు.

తెర మీద ఏముందో రాయి. ఈ గంటలో కథలు రెండు. ఒకటి మెయిన్‌లో, రెండోది న్యూజెర్సీ ఇంట్లో. అక్కడ ఫ్లూతో పడుకున్న టోనీ భార్య కార్మెలా దగ్గరికి మతగురువు ఫాదర్ ఫిల్ వస్తాడు, సినిమా చూస్తారు, ఆమె పాపనివేదన చేసుకుంటుంది, ప్రసాదం తీసుకుంటుంది, ఆయన రాత్రికి అక్కడే ఉండిపోతాడు. హత్య గురించి రాసేవాళ్లలో సగంమంది ఈ రెండో కథను దాటేస్తారు. నిజానికి ఎపిసోడ్ బిగువంతా ఆ రెండింటి మధ్య కోతల్లో ఉంది. కారులో కూతురు మెడో "మీరు మాఫియానా?" అని తండ్రిని సూటిగా అడుగుతుంది. అతను కొంత ఒప్పుకుంటాడు, కొంత దాస్తాడు. కార్మెలా మతగురువు ముందు భర్త గురించి తనకు తెలిసినదంతా ఒప్పుకుంటుంది, తెల్లారేసరికి దానిమీద మూత వేసేస్తుంది. తండ్రి సగం నిజం ఏ నిమిషంలో వచ్చింది, తల్లి నివేదన ఏ నిమిషంలో వచ్చింది, మధ్యలో ఎన్ని సీన్లున్నాయి? కొలిచి రాయి. హత్య అయ్యాక టోనీ తలెత్తి చూస్తే పైన బాతులు ఎగిరిపోతుంటాయి. మొదటి ఎపిసోడ్‌లో అతని ఈతకొలనులోంచి వెళ్లిపోయి అతన్ని డాక్టర్ దగ్గరికి పంపించినవీ బాతులే. తర్వాత బౌడన్ కాలేజీలో మెడో కోసం కూర్చున్నప్పుడు గోడ మీద నవలాకారుడు హాథార్న్ వాక్యం కనిపిస్తుంది. లోకానికో ముఖం, తనకో ముఖం పెట్టుకున్నవాడికి చివరికి ఏది అసలుదో తెలియకుండా పోతుందని దాని భావం. ఆ వాక్యం హత్యకు ముందు వచ్చి ఉంటే ఎలా ఉండేది? ఈ ప్రశ్నకు ఎవరి ఇంటర్వ్యూ అక్కర్లేదు.

ఇక్కడ ఎరుపును వాడుకోవడం ఎలాగో కూడా చూపిస్తాను. ఆల్‌బ్రెక్ట్‌తో తగువులో చేజ్ ఒక మెట్టు దిగాడు. ఆ పాత ముఠావాడు టోనీని చంపించడానికి ఇద్దరు మత్తుమందు బానిసలను కుదుర్చుకోబోయే చిన్న సీను కలిపారు, వాడు అమాయకుడు కాడని తెలియడం కోసం. ఈ సంగతి తెలిశాక ఎపిసోడ్ మళ్లీ చూడు. ఆ సీను తీసేస్తే కథ ఆగుతుందా? ఆగదు. మోటెల్ బయట వాడు తుపాకీ పట్టుకుని టోనీ వైపు గురిపెట్టి, కాల్చకుండా వెళ్లిపోయే సీను ఎలాగూ ఉంది. అలాంటప్పుడు ఆ కలిపిన సీను మన తీర్పును ఎంత మార్చింది? ఒక అధికారి భయం తెర మీద ఎంత నిడివి తిన్నదో నువ్వు కొలిచి చెప్పగలవు. ఇంటర్వ్యూ ఇలాంటి చోట పనికొస్తుంది.

కొలవడం అన్నాను కదా, పద్ధతి ఇది. ఒక ఎపిసోడ్‌ను మూడుసార్లు చూడాలి. మొదటిసారి కాగితం ముట్టుకోవద్దు, అయిపోగానే అరపేజీలో గుర్తున్నది రాసెయ్యి. రెండోసారి పట్టిక వెయ్యి. సీను సంఖ్య, మొదలైన నిమిషం సెకను, చోటు, ఎవరెవరున్నారు, ఏ కథకు చెందింది, సీను దేనితో తెగింది. ఒక గంట ఎపిసోడ్‌కు పట్టిక వెయ్యడానికి మూడు గంటలకు తక్కువ పట్టదు, తొందరపడితే సీన్ల అంచులు తప్పిపోతాయి. మూడోసారి మొత్తం చూడక్కర్లేదు. పట్టికలో వింతగా కనబడ్డ రెండు మూడు సీన్లను ముందు శబ్దం తీసేసి, తర్వాత తెరకు వీపు పెట్టి వింటూ చూడు. మొదటి అరపేజీకీ పట్టికకూ ఎక్కడ పొసగలేదో అక్కడ నీ వ్యాసం మొదలవుతుంది. చాలా పొడవుగా ఉందనిపించిన సీను నిమిషంన్నరే ఉంటుంది, అసలు గుర్తులేనిది ఐదు నిమిషాలు ఉంటుంది. అలా ఎందుకైందో చెప్పడమే విమర్శ.

నువ్వు చూసింది ఏ ప్రతో, అంటే ప్రసారమైనదా, డిస్కా, ఆన్‌లైన్‌దా అన్నది, పట్టిక పైన తప్పకుండా రాయాలి. 'ది వైర్' 2002లో మొదలైనప్పుడు 4:3 చదరపు తెరకు తగ్గట్టు ఫ్రేమ్ కట్టి తీశారు. 2014 డిసెంబర్‌లో హెచ్‌బీవో దాన్ని వెడల్పు తెరకు మార్చి విడుదల చేసింది. కొన్ని సీన్లు దానివల్ల బాగుపడ్డాయనీ కొన్ని దెబ్బతిన్నాయనీ దాని షోరన్నర్ డేవిడ్ సైమనే అప్పట్లో వివరంగా రాశాడు. నువ్వు వెడల్పు ప్రతి చూసి "ఫ్రేములో మనుషుల మధ్య ఖాళీ" అని రెండు పేజీలు రాస్తే, ఆ ఖాళీ తీసినవాళ్లు ఉద్దేశించింది కాకపోవచ్చు. 'నార్తర్న్ ఎక్స్‌పోజర్' డిస్కుల్లో హక్కులు దొరకక పాటలు మార్చేశారు, కాబట్టి దాని సంగీతం గురించి ప్రతి చూసుకోకుండా ఒక్క మాట అనకూడదు. 'బ్రేకింగ్ బ్యాడ్' ఏఎంసీ ఛానల్‌లో వచ్చినప్పుడు కొన్ని బూతులు మూగబోయాయి, డిస్కులో అవి వినిపిస్తాయి.

ప్రకటనల బ్రేకులు కూడా ప్రతిలోని భాగమే. హెచ్‌బీవో చందాలతో నడిచే ఛానల్, మధ్యలో బ్రేకు ఉండదు. అందుకే 'ది సోప్రానోస్' సీను ఎక్కడైనా తెగుతుంది, ఏ ఊపూ లేకుండా కూడా తెగుతుంది. 'బ్రేకింగ్ బ్యాడ్' ఏఎంసీలో ప్రకటనల మధ్య వచ్చింది. నలభై ఏడు నిమిషాల ప్రాంతంలో, టైటిల్స్‌కు ముందు వచ్చే ఒక టీజరు, నాలుగు అంకాలు. ప్రతి అంకం చివరా ప్రేక్షకుణ్ని పట్టుకుని ఉంచే కొక్కెం ఒకటి కావాలి. ఆన్‌లైన్‌లో బ్రేకుల్లేకుండా చూస్తే ఆ కొక్కేలు రచయిత చేతివాటంలా కనబడతాయి, కానీ అవి ఛానల్ పెట్టిన కొలత. నల్లతెర పడిన ప్రతిచోటా పట్టికలో గీత కొట్టుకో. పాత సినిమాలు వేసుకునే ఏఎంసీ 2007లో 'మ్యాడ్ మెన్'కు ఎందుకు డబ్బు పెట్టిందో కూడా ఇక్కడే చెప్పాలి. చూసేవాళ్లు కొద్దిమందే అయినా, కేబుల్ కంపెనీలు ఆ ఛానల్‌ను వదులుకోలేని పేరు రావాలి. ఆ పేరే దాని ఆదాయానికి భరోసా.

ఇక నీ పుస్తకం 1999లో మొదలవ్వడం గురించి. మార్టిన్ తన కాలాన్ని మూడో స్వర్ణయుగం అన్నాడు. మూడోది అన్నాక మొదటి రెండూ నీ పుస్తకంలో కనీసం ఒక్కో అధ్యాయం అడుగుతాయి. నన్నడిగితే మొదటిదానికి రెండివ్వు, అక్కడే సరుకు ఎక్కువ.

1950ల న్యూయార్క్. నాటకాన్ని స్టూడియోలో ఆడుతూనే దేశానికి ప్రసారం చేసేవారు. 'క్రాఫ్ట్ టెలివిజన్ థియేటర్', 'స్టూడియో వన్', 'ఫిల్కో', కాస్త తర్వాత లాస్ ఏంజెలెస్ నుంచి 'ప్లేహౌస్ 90', అన్నీ వారంవారం కొత్త నాటకం వేసినవే. ప్యాడీ చాయెఫ్‌స్కీ 'మార్టీ' 1953 మే 24న వచ్చింది. రెండేళ్ల తర్వాత సినిమాగా కాన్ పెద్ద బహుమతినీ ఉత్తమ చిత్రం ఆస్కార్‌నూ గెలుచుకుంది. రెజినాల్డ్ రోజ్ 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' 1954 సెప్టెంబర్‌లో 'స్టూడియో వన్'లో వచ్చింది. రాడ్ సెర్లింగ్ 'ప్యాటర్న్స్' 1955 జనవరి 12న ఎంత పేరు తెచ్చుకుందంటే, నాలుగు వారాలకు అదే నటులతో మళ్లీ ప్రత్యక్షంగా ఆడారు. రికార్డు వేసి చూపించే వీలు సరిగా లేని రోజులు మరి. 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్'లో ఒక్క గదిలో పన్నెండుమంది ఎందుకు కూర్చున్నారంటే, ప్రత్యక్ష ప్రసారంలో సెట్ మారడం గండం. నటుడు పరిగెత్తి చొక్కా మార్చుకునేలోపు ఇంకో సీను నడవాలి. రచన ఆ ఇరుకులోంచి పుట్టింది. దీన్ని ఆ పని చేసినవాళ్ల నోటనే చదవాలంటే చాయెఫ్‌స్కీ 1955లో వేసిన 'టెలివిజన్ ప్లేస్' తెచ్చుకో. ఆరు నాటకాలు, వాటి వెంట ఆయన వ్యాసాలు. సెర్లింగ్ 1957లో వేసిన 'ప్యాటర్న్స్'లోనూ నాలుగు నాటకాలకు ఆయన వ్యాఖ్యలున్నాయి. టీవీ రచన మీద ఇంత సూటిగా మాట్లాడిన పుస్తకాలు తర్వాత కూడా తక్కువే.

ఈ కాలం గురించి రాసేవాళ్లు పడే గుంట ఒకటుంది. ఆ నాటకాల ప్రతులు కినిస్కోపులు, అంటే మానిటర్ ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి తీసినవి. మసకగా ఉంటాయి, చాలావాటికి అవీ లేవు. 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' ప్రసారం మొదటి సగమే మిగిలిందని ఏళ్ల తరబడి అనుకున్నారు. పూర్తి ప్రతి 2003లో బయటపడింది. అంతకుముందు దాని గురించి రాసినవాళ్లు రెండో సగాన్ని స్క్రిప్టులోంచో సినిమాలోంచో ఊహించుకున్నారన్నమాట. 2009లో పాత మంచి సినిమాల డిస్కులు వేసే క్రైటీరియన్ వాళ్లు 'ది గోల్డెన్ ఏజ్ ఆఫ్ టెలివిజన్' పేరుతో వేసిన డిస్కుల్లో ఎనిమిది నాటకాలున్నాయి. వారానికి ఎన్నో వచ్చిన కాలంలోంచి ఎనిమిది ఏరి అదే ఆ కాలం అంటే, ఏ కాలమైనా బంగారంలానే ఉంటుంది. విలియం బాడీ 1990లో రాసిన 'ఫిఫ్టీస్ టెలివిజన్' ఈ అపోహ గుట్టు విప్పుతుంది. ప్రత్యక్ష నాటకాన్ని పొగిడిన విమర్శకులు ఎవరు, హాలీవుడ్ ఫిల్ము సీరియళ్లవైపు నెట్‌వర్కులు ఎందుకు మళ్లాయి, ఆ మలుపులో డబ్బు ఎవరి చేతికి వెళ్లింది అన్నది ఆయన లెక్క. కాస్త పొడిగా రాస్తాడు, ఓపిక పట్టు.

స్పాన్సర్ల పెత్తనం కూడా ఆ బంగారంలో భాగమే. 1955లో ఎమెట్ టిల్ అనే నల్లజాతి కుర్రాణ్ని మిసిసిపీలో చంపిన ఘటన స్ఫూర్తితో సెర్లింగ్ రాసిన నాటకాన్ని, 1956లో తెర మీదికి వచ్చేసరికి ఆ ఊసే లేకుండా నలిపేశారు. 1959 ఏప్రిల్‌లో 'ప్లేహౌస్ 90' నూరెంబర్గ్ విచారణ మీద నాటకం వేస్తే, డబ్బిచ్చే స్పాన్సరు గ్యాసు కంపెనీల సంఘం. నాజీ మరణశిబిరాల గురించి మాట్లాడే చోట 'గ్యాస్' అన్న మాట వినిపించకుండా శబ్దం తీసేశారు. స్వర్ణయుగం అని నువ్వు పేరు పెట్టే అధ్యాయంలో ఈ రెండూ ఉండితీరాలి.

ఇంకో మాట. అమెరికాలో మనవాళ్లు ఎవరైనా లాస్ ఏంజెలెస్‌లో ఉంటే, యూసీఎల్‌ఏ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఆర్కైవ్‌లో పరిశోధకులు ముందుగా అడిగి చూసుకునే ఏర్పాటు ఉంది. నీకు కావాల్సిన నాటకం పేరు, తేదీ, కార్యక్రమం పేరు మూడూ పంపు. ఒక్క నాటకం పేరుతో వెతికితే సినిమా దొరుకుతుంది, ప్రసారం దొరకదు.

రెండో యుగానికి పెద్దగా కాగితం అక్కర్లేదు. 1981 జనవరి 15న మొదలైన 'హిల్ స్ట్రీట్ బ్లూస్' దగ్గర నిలబడు. ఒక్కో ఎపిసోడ్‌లో ఇన్ని కథలేమిటని దాన్ని ప్రసారం చేసే ఎన్‌బీసీ నెట్‌వర్కు బెంబేలెత్తి, వారానికి ఒక్క కథయినా ముగించమని పట్టుబట్టింది. ఆ బేరసారాలను టాడ్ గిట్లిన్ 1983లోనే 'ఇన్‌సైడ్ ప్రైమ్ టైమ్'లో రాశాడు. అధికారుల గదుల్లో కూర్చుని రాసిన పుస్తకం అంటే అదీ. రాబర్ట్ థాంప్సన్ 1996లో వేసిన 'టెలివిజన్స్ సెకండ్ గోల్డెన్ ఏజ్'లో మంచి టీవీకి లక్షణాల జాబితా ఒకటి ఇచ్చి, మామూలు టీవీ కాకపోవడమే మొదటి లక్షణం అన్నాడు. ఆ ఒక్క వాక్యంతోనే మొత్తం తగువు మొదలైంది.

ఎందుకంటే ఆ 'మామూలు టీవీ' అన్నది ఎవరిది? మధ్యాహ్నం పూట ఆడవాళ్లు చూస్తారని చిన్నచూపు చూసిన సోప్ సీరియల్‌ది. రోజుల తరబడి సాగే కథ, జరిగింది గుర్తుపెట్టుకునే ప్రేక్షకులు, ఒక మాట వందమందిని కదిలించే తీరు, అన్నీ అక్కడివే. వాటిని తీసుకుని, తీసుకున్నచోటు చెప్పకుండా, 'ఇది టీవీ కాదు, నవల' అనిపించుకున్నాయి పేరున్న సీరియళ్లు. 2012లో న్యూమన్, లెవీన్ వాదం స్థూలంగా ఇది. జేసన్ మిట్టెల్ 'కాంప్లెక్స్ టీవీ'లో, 2015లో, సోప్ వారసత్వం అనుకున్నంత సూటిది కాదంటూ ఇంకో దారి చూపుతాడు. 'ది వైర్' కథ బయటికి, ఊరంతా పాకుతుంది, 'బ్రేకింగ్ బ్యాడ్' కథ లోపలికి, ఒక్క మనిషిలోకి దిగుతుంది అని ఆయన చూపిన తేడా నీ పట్టికలతో సరిచూడదగ్గది. ఎమిలీ నస్‌బామ్ 'ఐ లైక్ టు వాచ్', 2019, వ్యాసాల సంపుటి. మార్టిన్ పుస్తకం వచ్చిన ఏడాదే 'డిఫికల్ట్ విమెన్' అనే వ్యాసంలో, 'సెక్స్ అండ్ ది సిటీ'ని ఈ జాబితాల్లోంచి ఎలా తోసేశారో ఆమె ఎత్తిచూపింది. 'బ్రేకింగ్ బ్యాడ్'లోని వాల్టర్ వైట్‌ను హీరోగా కొలిచే చెడ్డ అభిమాని గురించి కూడా ఆమె దగ్గర చదువు. ఈ మూడూ చదివాక నీ పదింటి జాబితా నీకే కుదురుగా కనిపించదు.

మన పాఠకులకు ఇది పరాయి తగువు కాదు. సోమవారం నుంచి శనివారం దాకా అరగంట చొప్పున వచ్చే తెలుగు డైలీ సీరియల్‌ను మనమూ అలాగే చూస్తున్నాం. ఒకే ముఖం మీదికి మూడుసార్లు దూసుకెళ్లే క్లోజప్, ప్రతి పాత్ర ముఖమూ చుట్టి వచ్చే కెమెరా, చివర కదలిక ఆగిన ఫ్రేము. వీటిని వెక్కిరించడం తేలిక. వారానికి ఆరు ఎపిసోడ్లు తీయాల్సిన యూనిట్, అన్నం వండుతూ వినే ప్రేక్షకురాలు, రెండురోజులు తప్పిపోయినా కథ అందాలన్న నియమం, ఈ మూడు కొలతలు పెట్టి చూస్తే ఆ క్లోజప్‌కు ఒక పని ఉందని తెలుస్తుంది. నీ పుస్తకంలో ఒక్క అధ్యాయం ఇలా రాస్తే, తక్కినవాటిలో హెచ్‌బీవోని నువ్వు చూసే చూపు మారుతుంది. మన దేశం టీవీ మీద ఎలా రాయవచ్చో చూడాలంటే పూర్ణిమా మంకేకర్ 1999 పుస్తకం 'స్క్రీనింగ్ కల్చర్, వ్యూయింగ్ పాలిటిక్స్' ఉంది. ఆమె చూసేవాళ్ల ఇళ్లలో కూర్చుని రాసింది. తెర, మాట, వాదం మూడూ సమపాళ్లలో పడిన అరుదైన పుస్తకం.

రాతలో రెండు మూడు చిన్న సంగతులు. కథ చెప్పడం అధ్యాయంలో ఐదో వంతు దాటకూడదు. తెలుగు పాఠకులు ఆ సీరియల్ చూసి ఉండరని భయపడి సగం పేజీలు కథ చెబుతున్నావు. చూడనివాడికి ఎంత చెప్పినా చూసినట్టు కాదు, చూసినవాడికి విసుగు. ఒక్క సీను పూర్తిగా చెప్పు, తక్కినదానికి రెండు వాక్యాలు చాలు. ముగింపు తెలిసిపోతుందేమోనన్న జంకు పుస్తకంలో పనికిరాదు, ఆ మాట ముందుమాటలో ఒక్కసారి చెప్పి వదిలెయ్యి. అలాగే చివరి ఎపిసోడ్ తెలిసినవాడి తెలివితో మొదటి సీజన్‌ను చదవకు. 'ది సోప్రానోస్' చివర తెర నల్లబడి పది సెకన్లు నిశ్శబ్దం. సైట్జ్, సెపిన్‌వాల్ కలిసి చేసిన 'ది సోప్రానోస్ సెషన్స్'లో, 2019లో, చేజ్ నోరుజారి దాన్ని చావు సీను అన్నాడు, లోకమంతా తీర్పు వచ్చేసిందంది. తెర మీద మాత్రం ఇప్పటికీ పది సెకన్ల నలుపే ఉంది. ముందు దాన్ని రాసి, తర్వాత ఆయన మాట రాయి.

బొమ్మల సంగతి అడిగావు. మన 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ విమర్శకోసం, సమీక్షకోసం న్యాయంగా వాడుకోవడాన్ని అనుమతిస్తుంది, నాలుగు సంభాషణలు ఉదహరించడానికి జంకక్కర్లేదు. స్టిల్స్‌కు మాత్రం ప్రచురణకర్త అనుమతి పత్రం అడుగుతాడు, అది తేవడం నీ వల్ల కాదు. స్టిల్‌కు బదులు గీతబొమ్మ వేయించు. పైనుంచి చూసినట్టు గది, మనుషులు నిలబడ్డ చోట్లు, కెమెరా ఉన్న చోటు, అది కదిలిన దారి. సీను ఎలా కట్టారో ఫొటో కంటే అదే బాగా చూపిస్తుంది, అచ్చులో నలుపు తెలుపుల్లో చెడదు కూడా.

'కాలేజ్' పట్టిక ముందు పంపు, అధ్యాయం తర్వాత చూద్దాం. ఏ ప్రతి చూశావో పైన రాయి, వేళలు సెకన్లతో సహా ఉండాలి. కార్మెలా సీన్లు ఒక్కటీ వదలొద్దు.

ఇట్లు
ఆశీస్సులతో